గోడవార గుంత

ఆదివారం ఉదయం గేటు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి.

గోడవార ఉన్న చిన్న గుంతలో తుప్పు పట్టిన పైపు, దానికి కట్టిన తీగ ఉన్నాయి. అందులో పిడికెడు ఉప్పు వేసింది. సంచిలోంచి నాలుగు బొగ్గులు తీసి వేసింది. కుళాయి తిప్పి బకెట్టు నీళ్లు పట్టి పోసింది.

వరండాలో కాఫీ తాగుతున్న కాంతమణి లేచి నిలబడింది. పద్మారావు నగర్‌లో ఆ ఇల్లు కొనుక్కుని వచ్చి ఆరు వారాలే అయింది.

“ఎవరమ్మా నువ్వు? మా గోడ దగ్గర ఉప్పూ బొగ్గూ ఏమిటి?”

“దేవమ్మ అంటరు. రెజిమెంటల్ బజార్‌ల ఇస్త్రీ బండి నాది. ఇది మీ ఇంటి ఎర్తు, షాక్ కొట్టకుంట ఆపేది. ఎండాకాలం దీనికి నీళ్లు పడాలె.”

“నీకేం పని?”

“ఏం పని లేదు. పోస్త, పోత.”

కాంతమణి లోపలికి చూసింది. “ఏమండీ, ఇస్త్రీ ఆవిడ మనకి కరెంటు పాఠం చెబుతోంది. ఒకసారి వచ్చి వినండి.”

రామభద్రరావు పేపరు మడుస్తూ వచ్చాడు.

“ఇంటినిండా కొత్త స్విచ్చులు వేయించాం. ఆ తుప్పు పైపుతో మాకు పనిలేదు. ఇక రావద్దు.”

“వస్త.”

“రావద్దన్నానా?”

“అన్నవు సారు. విన్న. వస్త.”

మరుసటి ఆదివారం గేటుకు తాళం పడింది. ఆమె బయట రాయి ఎక్కి, గోడ మీదుగా సీసాతో నీళ్లు పోసింది.

చేతబడేమో అన్నారు పక్కింటివాళ్లు. రామభద్రరావు నమ్మలేదు. అయినా మేస్త్రిని పిలిపించి, పైపు కోసేసి గోడవారంతా టైల్స్ వేయమన్నాడు.

బట్టల మూటతో అటుగా వెళుతున్న దేవమ్మ అది చూసింది. మూట గేటు దగ్గర పడేసి, లోపలికి వచ్చి గుంత మీద కూర్చుంది.

“లే అక్కా, సిమెంటు మాల్ గట్టిపడుతది,” అన్నాడు మేస్త్రి.

“పడనీయ్. ఈ తీగ కొయ్యనంటేనే లేస్త.”

మాటలు విని కాంతమణి కూతురు శ్రీలేఖ బయటికి వచ్చింది. ఇంటర్ చదువుతోంది. వీడియోలు చూసి చిన్న చిన్న దీపాలు తయారుచేస్తుంది. చేతిలో అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ ఉంది.

దేవమ్మ గొంతు మొదటిసారి తగ్గింది.

“బిడ్డా, కరెంటు పని చేస్తవా?”

“నేర్చుకుంటున్నానండీ.”

“ప్లగ్గు గుంజినంకనే లోపల చెయ్యి పెట్టు. తడి చేతుల్తోని ముట్టకు. ఉత్త కాళ్లతోని నిలబడకు. ఈ తీగ మాత్రం కొయ్యనియ్యకు.”

“లోపలికి రావే. ఆవిడ కళ్లలో పడకు,” కాంతమణి కూతురి చెయ్యి పట్టి లాగింది.

ఇద్దరు కూలీలు దేవమ్మను రెక్కలు పట్టి గేటు బయట దింపారు. మేస్త్రి పైపును నేలమట్టానికి కోశాడు. దానికి కట్టిన తీగ కూడా తెగింది.

ఆమె గేటు చువ్వలు వదల్లేదు.

“మీ కోసం కాదు సారు. ఇంట్ల పిల్ల ఉన్నది.”

సాయంత్రం దాకా అక్కడే నిలబడింది.

మూడు వారాల తర్వాత శ్రీలేఖ స్టీలు టిఫిన్ డబ్బాలో దీపం బిగించి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టింది. లోపలి తీగ ఒకటి ఊడి డబ్బాకు తగిలింది. ఇదివరకు ఒకసారి ఇలాగే తగిలితే ఫ్యూజు పోయింది, అంతే.

ఈసారి ఫ్యూజు పోలేదు. చెయ్యి డబ్బాకు అతుక్కుపోయింది.

కాంతమణి పట్టుకోబోతే రామభద్రరావు ఆమెను పక్కకు తోసి, మెయిన్ ఆపాడు.

పిల్ల బతికింది. అరచెయ్యి కాలింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు చూశాడు. గోడవెంట తీగ పట్టుకుని టైల్స్ దాకా వెళ్లి, ఒకటి లేపి గుంతలోకి చూశాడు.

“ఎర్తు ఎవరు కోసిన్రు సార్? మంచిగ సూసుకున్నరు దీన్ని ఇన్నేండ్లు. ఇదుంటే పాపకు ఏం కాకపోతుండె.”

రామభద్రరావు మేస్త్రిని మళ్లీ పిలిపించాడు. ఆ రోజే టైల్స్ పగలగొట్టించి, కొత్త తీగ వేయించాడు.

ఆదివారం గేటు బార్లా తీసి ఉంచారు. ఎవరూ రాలేదు.

ముగ్గురూ రెజిమెంటల్ బజార్ వెళ్లారు. ఇస్త్రీ బండి మీద పరదా కప్పి ఉంది. పక్కన చెప్పులు కుట్టే తుకారాం తల ఎత్తలేదు.

“దేవమ్మగారు…” అంది కాంతమణి.

“ఎండదెబ్బకు పోయింది. దినాలు సుత అయిపోయినయ్. గేటుకు తాళమేసినోళ్లు మీరేనా?”

“మేమే,” అన్నాడు రామభద్రరావు.

“ఆఖరికి సుత నీళ్ల ముచ్చటనే చెప్పింది. గోడ దూకైనా పోస్త అన్నది.”

“మా ఇల్లంటే ఆమెకెందుకంత?” శ్రీలేఖ అడిగింది.

తుకారాం సూది పక్కన పెట్టాడు.

“ఇల్లు అమ్మినోడు మీకు చెప్పలేదా? తొమ్మిదేండ్ల కింద ఆ ఇంటి ఎనక రూంల కిరాయికి ఉన్నప్పుడు, ఎర్తు లేని కూలర్ ముట్టుకుని సచ్చిపోయిన ఇంటర్ పిల్ల ఆమె బిడ్డనే. కర్మ అయిన తెల్లారి గడ్డపార పట్టి ఆ గుంత తవ్వింది ఆ తల్లే.”