మూడో పిలుపు

ఒక్క సెమిస్టర్ చదువుకని ఢిల్లీ వచ్చిన రజిత, రాత్రి హాస్టల్ గదిలోంచి ఇంటికి ఫోన్ చేసింది. భద్రాచలం దాటాక అడవి అంచున ఆ ఇల్లు. సిగ్నల్ కిటికీ దగ్గరే అందుతుంది కాబట్టి తల్లి భీమక్క ఫోన్‌ను అక్కడే పెట్టి, స్పీకర్‌లో మాట్లాడుతోంది. తండ్రి చేను కావలికి పోయాడు.

ఉన్నట్టుండి ఆ ఇంటి వాకిట్లోంచి ఎవరో పిలిచారు.

"అమ్మా!"

అచ్చం రజిత గొంతు.

భీమక్క నవ్వింది. "ఢిల్లీల ఉన్ననని చెప్పి ఇంటి ముందటికే వచ్చినవా?"

"నేను కాదే! ఢిల్లీలనే ఉన్న!"

"ఆటలాడకు. మూడుసార్లు పిలువు, తలుపు తీస్త."

చీకటి పడ్డాక ఆ ఊళ్ళో మూడో పిలుపుకు గాని తలుపు తీయరు. మనిషి కానిది రెండుసార్లే పిలవగలదట.

"అమ్మా!" మళ్ళీ వాకిట్లోంచే.

ఆ తర్వాత ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి. తల్లి అడుగులు తలుపు వైపు కదలడం రజితకు వినబడింది. తీయొద్దని అరవబోయింది. భయానికి ఒక్క మాటే పెగిలింది.

"అమ్మా!"

"మూడైనయ్," అంది భీమక్క.

గడియ తీసిన చప్పుడు.

"గింత చల్లగున్నవేంది బిడ్డా? లోపలికి రా."