ఉదయం మాత్ర

"అమ్మా, ఉదయం మాత్ర పక్కన టిక్కు చెరగడం లేదు. ఏం చెయ్యాలి?"

తను గీసిన బొమ్మ కింద ఎవరో రాసిన ఆ మాట చూసి, ఆ అమ్మాయికి ముందు ఏమీ అర్థం కాలేదు.

ఫోన్లో యాప్‌లు ఎలా కనిపించాలో గీయడం నేర్చుకుంటోంది ఆమె. పగలు క్లాసు, సాయంత్రం వీడియోలు. అవి కాక, ఎక్కడెక్కడి డిజైనర్లూ తమ పని పెట్టే వెబ్‌సైటు ఒకటి. అందులో ఒకదాని రంగు, ఇంకోదాని అక్షరాలు ఏరుకుని, మందులు గుర్తుచేసే యాప్ ఒకటి గీసి అక్కడే పెట్టింది.

యాప్ కాదు, యాప్ బొమ్మ.

ఉదయం మాత్ర, మధ్యాహ్నం మాత్ర, రాత్రి మాత్ర. అన్నీ ఖాళీగా ఉంటే బోసిగా ఉందని, మొదటిదాని పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టింది.

పక్క కుర్చీ అమ్మాయి తొంగి చూసింది. "ఎవరే?"

"ఎవరో తాత. బొమ్మని ఫోన్లో దాచుకుని నొక్కుతున్నట్టున్నాడు."

"పటంలో పండు కొరికినట్టుంది."

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"పోనీ, ఇది ఉత్త బొమ్మేనండీ అని రాసెయ్యనా?"

"ఊఁ కొట్టావంటే ఇక వదలడు. ఉద్యోగాలిచ్చేవాళ్ళు చూసే చోటది. ఆ మాట కనబడకుండా దాచెయ్."

దాచేసింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది.

"మందుల యాప్ కోసం వెతికితే ముందు నీదే వచ్చిందమ్మా. నాకు మతిమరుపు. దీన్నే నమ్ముకున్నాను. లేచేసరికే ఉదయం మాత్ర అయిపోయినట్టు చూపిస్తోంది. కింద నా నంబరు ఇస్తున్నాను. ఒక్కసారి చెప్పు తల్లీ."

"నంబరు కూడానా? కొంపదీసి నచ్చావేమోనే," అంది పక్క కుర్చీ అమ్మాయి.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఆమెకు బెరుకు. అదీ దాచేసింది. తర్వాత వచ్చినవి చదవకుండానే దాచింది.

కొన్నాళ్ళకు అవి రావడం మానేశాయి.

"పీడా పోయింది," అంది పక్క కుర్చీ అమ్మాయి.

క్లాసులో ఆ బొమ్మ అందరికీ నచ్చింది. మేడమ్ మాత్రం దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఎవర్ని చూసి గీశావు?"

"వెబ్‌సైటులో చాలా చూశాను మేడమ్."

"బొమ్మల్ని చూసి బొమ్మ గీశావన్నమాట. దీన్ని చేత్తో పట్టుకుని తికమకపడే మనిషి ఒక్కరు దొరికితే, వాళ్ళ దగ్గర నేర్చుకున్నంత నా దగ్గర కూడా నేర్చుకోలేవు. అలాంటివాళ్ళెవరైనా తెలుసా?"

ఆమెకు దాచేసిన ఆ మాటలు గుర్తొచ్చాయి.

"ఒకాయన ఉన్నారు మేడమ్."

మెట్ల మీద కూర్చుని, దాచినవాటిలోంచి ఆ నంబరు వెతికి ఫోన్ చేసింది. మోగుతున్నంతసేపూ, ఏ కొడుకో కూతురో ఎత్తి ఏం చెబుతారోనని భయపడింది.

ఎత్తింది ఆయనే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"తాతగారూ, ఆ మాత్రల బొమ్మ గీసింది నేనేనండీ. అది పని చెయ్యదు. బొమ్మే. ఆ టిక్కు అందానికి పెట్టాను."

అవతల ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"అంటే, అది మొదట్నుంచీ అక్కడే ఉందా?"

"ఉందండీ."

"నేనే వేసి మరిచిపోయానేమో అనుకునేవాణ్ణి. అదే మాత్ర రెండోసారి పడితే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ఊరుకునేవాణ్ణి."

"ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది తాతగారూ?" అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ.

"నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడాయన నెమ్మదిగా. "ఆ మాత్రలు నావి కావు, మొన్నటిదాకా ఇక్కడ మంచం మీద పడుకుని, నేనేది పెడితే అది నోరు తెరిచి మింగిన మా ఆవిడవి."