కుంటి సింహాసనం

"రెండు గుక్కలు తాగయ్యా," అని సోనీ జావగ్లాసు మొగుడి నోటి దగ్గర పెట్టింది.

స్టాన్లీ గోడవైపు తిరిగిపోయాడు. చెరకు లోడెత్తే మనిషి. లారీ చక్రం కింద నలిగి కాలు తీసేసిన దగ్గర్నుంచి మాట లేదు, తిండి లేదు.

"ఇలాగైతే దక్కడమ్మా," అని అనకాపల్లి ఆసుపత్రి డాక్టరు పొద్దున్నే చెప్పేసి వెళ్లాడు.

పక్క మంచం మీది మునగపాక ముసలాయన, సత్తియ్య, అంతా చూస్తున్నాడు. దిండు కింద నుంచి అట్టలేని పుస్తకం తీసి సోనీకిచ్చాడు.

"కళ్లు ఆనడం నేదమ్మా. కూసింత గట్టిగా సదివిపెట్టు."

"నా మొగుడు ఇలాగుంటే నీకు కతలు కావాలేటి తాతా?"

ఆయన విననట్టే నవ్వి, మడతపెట్టిన పేజీ చూపించాడు.

పోనీలే పెద్దాయన అని చదివింది. రాజుగారి మీద అలిగిన సింహాసనం, ఒక కాలు విరగ్గొట్టుకుని, కుంటుకుంటూ సంతకెళ్లి వంకాయలు బేరమాడే కథ. చిన్నపిల్లలు చదువుకునేది.

మర్నాడూ అదే అడిగాడు. ఆ మర్నాడూ అదే.

"మిగతా పేజీలు సెద తినేసిందా తాతా?"

పలకడు. చదివినంతసేపూ చూపు మాత్రం స్టాన్లీ వీపు మీదే.

ఆ సాయంత్రం స్టాన్లీ భుజాలు కదిలాయి. సత్తియ్య కిలకిలా నవ్వాడు.

ఏడిపించేశాడు నా మొగుణ్ణి, అనుకుంది సోనీ. పుస్తకం విసిరికొట్టింది.

"కుంటిది, కుంటిదని ఆయన ముందే సదివిత్తావా? సిగ్గు నేదా నీకు? ఇంక నాతో మాటాడకు!"

సత్తియ్య ఆమె మొహంలోకి చూశాడు. నవ్వు ఆపేసి, మెల్లగా అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి లేపబోతే లేవలేదు. గుండె ఆగిపోయిందంది నర్సు.

ఆ మంచం మీంచి ఆయన్ని తీసుకెళ్లాక, స్టాన్లీ ఇటు తిరిగాడు. ఎన్నాళ్లకో నోరు విప్పాడు.

"నిన్న మద్దిలో ఆపేసేవేటే? నవ్వాపుకోనేక సచ్చేను. ముందర్రోజులు సెవి పెట్టనేదు. ఇంతకీ వంకాయలు కొందా, నేదా?"

సోనీ గబగబా జావ కలిపింది. గ్లాసు అందిస్తే అతనే పట్టుకుని తాగాడు.

ఎస్టీడీ బూత్ నుంచి కబురు చేస్తే, సత్తియ్య కోడలు బుల్లమ్మ వచ్చింది. దుప్పటీ, చెంబూ మూటగట్టుకుంటుంటే సోనీ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది.

"మీ మావని నానామాటలూ అనీసేనమ్మా. కళ్లు ఆనడం నేదని రోజూ నా సేత సదివించుకునీవోడు."

"కళ్లకేటి? సూదిలో దారం ఎక్కించీవోడు. మా అత్త పోయినప్పుడూ, పంట మునిగిపోయినప్పుడూ ఈ పుస్తకమే తీసీవోడు. తనలో తనే సదువుకుని నవ్వుకునీవోడు."

బుల్లమ్మ కొంగుతో పుస్తకం తుడిచి, అయోమయంగా సోనీ వంక చూసింది.

"నీ సేత సదివించుకోడమేటమ్మా? జొరమొచ్చి మా మావకి రెండు సెవులూ పోయి పదేళ్లయిపోనాది."