ప్రాణం ఆరు

“ప్రాణం ఆరే ఉండాదంట! చూడప్పా జాఫరూ, ఆరంటే ఎన్ని దినాలు?”

దీవెనమ్మ మడత కాగితాన్ని మందుల షాపు బల్ల మీద పరిచింది. భర్త దేవపాలు చొక్కా ఉతకబోతే జేబులో దొరికిందది. జమ్మలమడుగు బళ్ళో పంతులాయన. పొద్దున ప్లేటు నిండా ఉగ్గాని తిని బస్సెక్కి పోయాడు. ఇంత జబ్బు పెట్టుకుని ఒక్క మాటైనా చెప్పలేదు.

షాపు నడిపే జాఫర్ ప్రొద్దుటూరులో ఆమె ఉండే వీధి వాడే. ఏ ఆసుపత్రి చీటీ అయినా ఆమె ముందు అతనికే చూపిస్తుంది. అతను కాగితం చదివాడు.

బలం 18. చురుకు 9. ఓర్పు 5. తెలివి 10. వివేకం 8. ఆకర్షణ 7. అడుగున, ప్రాణం 6.

జాఫర్ మొహం మాడిపోయింది.

“ఈ రాత సారుదేనా అక్కా?”

“ఆయనదే. ఏంది, ఓర్పు మరీ తగ్గిందా?”

“ఓర్పు సంగతి పక్కనబెట్టు. బలం చూడు, పద్దెనిమిది!”

“బలముంటే మంచిదే గదప్పా?”

“మంచిదేందక్కా! ఇంత బలముంటే రాతి తలుపును భుజంతో తోసేస్తాడు. ఒక్క ఏటుకు ముగ్గుర్ని పండబెడతాడు. పక్కనుండేవోళ్ళు ఏం గావల్ల?”

దీవెనమ్మకు తల తిరిగింది. నిన్న ఊరగాయ సీసా మూత రాకపోతే ఆయన పక్కింటి రజినిని పిలిచాడు. ఒక్క ఏటుకు ముగ్గురా? షుగరు లాగా బలం కూడా ఎక్కువైతే జబ్బేమో!

“మా సారు చీమను గూడా తొక్కడప్పా!”

“పోయిన ఆదివారం పదకొండే ఉండె. నా కండ్లతో చూసినా.”

“వారంలో ఏడు పెరిగిందా! యేసయ్యా!” ఆమె స్టూలు మీద కూలబడింది. “నీకు చూపిచ్చుకున్యాడా? నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఎవురికీ చెప్పొద్దన్యాడు. సిగ్గంట.”

సిగ్గుపడే జబ్బా! ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ స్టూలు మీంచి లేచింది.

“ఈ పొద్దే కడపకు పిల్చుకపోతా. ఆడ పెద్దాసుపత్రిలో తగ్గుతాదా?”

“కడపెందుకక్కా, నేనే తగ్గిస్తా.” జాఫర్ పెన్ను తీసి 18 కొట్టేసి 11 వేశాడు. “సారుకు గట్టిగా చెప్పు. మేము ఆదివారం ఆడే కతలాటలో ఆయన ఆడే వీరుడి బలం పాచికలేస్తే వచ్చేదేగానీ, ఇంటికి పోయి కాగితంలో దిద్దుకునేది కాదని!”