ఒక్కడూ ఆగలేదు

మాంచెస్టర్‌లో వాన పడకుండా మారథాన్ జరిగిన ఏడాది డెనీస్‌కి గుర్తు లేదు.

ఈసారి తనే పరిగెడుతోంది. ఒంటి మీద మూర్ఛరోగుల సంఘం వాళ్ళ ఊదారంగు చొక్కా. వీపున పిన్నులతో గుచ్చిన తమ్ముడి ఫోటో, కింద పెద్ద అక్షరాలు: ‘మా చిన్నోడు నీల్ కోసం’.

ఆ ఊళ్ళో తమ్ముడికి జుట్టు నెరిసినా ‘మా చిన్నోడే’.

నిరుడు నీల్ ట్రామ్ స్టాప్‌లో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

“మిట్టమధ్యాహ్నం, అంత జనం. తాగి పడ్డాడనుకుని దాటుకుంటూ పోయారు. ఎదురు కొట్టువాడు పడిపోవడం కళ్ళారా చూసి, మొహం తిప్పుకుని లోపలికి పోయాడట, మహానుభావుడు. ఒక్కడంటే ఒక్కడు ఆగలేదు.”

చందా అడిగిన ప్రతి గడపలోనూ ఈ మాటే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కడుపు రగిలింది. చిన్నోడు దిక్కులేనివాడిలా పోయాడన్న బాధ ఆమెను నిద్రపోనివ్వడం లేదు. యాభై దాటిన మోకాళ్ళతో ఈ పరుగు అందుకే.

వంతెన దాటుతుండగా ఎవరో రొప్పుతూ వచ్చి పక్కన కలిశాడు. సన్నటి మనిషి. పొద్దున వానకని అందరూ తలలు దూర్చుకున్న నల్ల చెత్తసంచుల్ని మిగతావాళ్ళు ఎప్పుడో చింపి పారేశారు. ఇతను మాత్రం ఇంకా తొడుక్కునే ఉన్నాడు.

“నీల్ వాళ్ళక్క మీరేనాండీ?”

“వీపు మీద రాసే ఉందిగా నాయనా.”

“మీతో ఒక మాట చెప్పాలి.”

“ఇప్పుడా? ఊపిరి తీసుకోవడానికే తీరిక లేదు. తర్వాత చెబుదువుగాని.”

“తర్వాతైతే నాకు ధైర్యం చాలదండీ.”

డెనీస్‌కి నవ్వొచ్చింది. రోడ్డు పక్కన పబ్బులవాళ్ళు పరిగెత్తేవాళ్ళకి బీరు అందిస్తున్నారు.

“అదిగో, రెండు గుక్కలు పోసుకో. ధైర్యం అదే వస్తుంది.”

అతనూ నవ్వాడు. “ఆ రోజు నేను...” అంటూ ఆగిపోయాడు.

ఎంతకీ మాట రాలేదు. చూపు ఎటో పోయింది. పెదాలు చప్పరిస్తూ, అడ్డదిడ్డంగా అడుగులేస్తూ మీదకొచ్చాడు. గాల్లో తడుముకున్న చెయ్యి ఆమె వీపున ఫోటోను దొరకబుచ్చుకుని లాగింది. నీల్ మొహం సగానికి చిరిగింది.

“ఒరేయ్, చెయ్యి తియ్యి.”

తియ్యలేదు. అసలు వినిపించుకున్నట్టే లేదు.

పసుపు కోట్ల వలంటీర్లు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. “ఏమైందమ్మా?”

“ఏముంది, పూటుగా తాగొచ్చాడు. చచ్చిపోయినవాడి బొమ్మ చింపాడు, సిగ్గులేని వెధవ. అవతలకి లాక్కుపోండి.”

ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడమనే ఆమెకు తెలుసు. నీల్‌కి ఎప్పుడూ అలాగే వచ్చేవి.

వాళ్ళు రెక్కలు పట్టుకుని ఈడ్చారు. అతను గింజుకుంటే ఇంకా గట్టిగా అదిమారు. డెనీస్ వెనక్కి తిరిగి చూడలేదు. కోపం ఒంట్లో కొత్త బలం పోసింది. ఆ ఊపులోనే పరుగు పూర్తి చేసింది.

సంఘం వాళ్ళ డేరాలో చప్పట్లు లేవు. కార్యదర్శి మార్జరీ కళ్ళు వాచి ఉన్నాయి.

“వంతెన దగ్గర మనవాడొకడు పోయాడు డెనీస్.”

“ఎవరు?”

“చెత్తసంచి తొడుక్కుని పరిగెత్తాడు చూడు, అతను. లోపల మన చొక్కానే ఉంది. ఫిట్స్‌లో మతి తప్పి తడబడితే తాగాడనుకున్నారట. కుర్చీలో కూలేశారు. మళ్ళీ ఫిట్స్ ముంచుకొస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టిన పాపాన పోలేదు ఎవరూ.”

డెనీస్ చెయ్యి వీపున చిరిగిన ఫోటో మీదకి పోయింది.

“అతను నాతో ఏదో చెప్పాలన్నాడు.”

“చెప్పలేదా? మొహమాటస్తుడు పాపం. పక్కపక్కన పరిగెడుతుంటే మొహం చూడక్కర్లేదు, చెప్పేస్తానని ఇవాళ పొద్దునే నాతో అన్నాడు. పోయేముందు నీల్ నీకేదో చెప్పమన్నాడట. అదేమిటని నేనడిగితే, వాళ్ళక్కకి తప్ప చెప్పనన్నాడు.”

“నీల్ మాట ఇతనికెలా తెలుస్తుంది మార్జరీ? వాడి దగ్గర ఒక్కడూ ఆగలేదు కదా.”

మార్జరీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఆ రోజు ట్రామ్ స్టాప్‌లో నీల్ తలను ఒళ్ళో పెట్టుకుని, అంబులెన్స్ వచ్చేదాకా కూర్చున్నది ఇతనేనమ్మా.”