కాగితపు తంగేడు

కోడిగుడ్ల అట్ట కనబడితే చాలు, జమున దాన్ని వదలడం లేదు.

"మల్ల పారేస్తున్నవా? ఇటియ్యి," అని భర్త పరమేశ్ చేతిలోంచి లాక్కుంది. గుంతకో పువ్వు చొప్పున కత్తిరించి, అంచుల్ని రెక్కలుగా చీల్చింది.

గల్ఫ్ దేశంలో, హమద్ టౌన్‌లో ఒక విల్లా వెనకాల వాళ్లది ఒకటే గది. అందులో ఇప్పుడు అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. కిటికీకి ఉల్లిగడ్డల సంచి జాలీతో కట్టిన తోరణం. గోడకు సూపర్ మార్కెట్ వాళ్లు పంచే రంగు కాగితాలు మడిచి చేసిన విసనకర్రలు. పాలపొడి డబ్బాలకు పాత చీర అంచు చుడితే పూలకుండీలు. అన్నీ చెత్తబుట్టలోకి పోవలసినవే. గది మాత్రం పెళ్లివారిల్లులా కళకళలాడుతోంది.

ఆ సింగారం వైపు చూడలేక పరమేశ్ మొహం తిప్పుకుంటున్నాడు.

పోయిన వారం, అతను డ్యూటీలో ఒక మిద్దె మీద ఏసీ విప్పుతుండగా బావమరిది కిషన్ ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"బావా, అమ్మ పోయింది," అన్నాడు. కాసేపు ఏడ్చి, "అక్కకు ఇప్పుడే చెప్పకు. నీ కాళ్లు మొక్కుత," అన్నాడు.

వాడు మొక్కకపోయినా పరమేశ్ చెప్పేవాడు కాదు. జమునకు ఎనిమిదో నెల. నిరుడు ఒకసారి కడుపు పోయింది. ఈసారి బీపీ దిగి రానంటోంది. విమానం ఎక్కవద్దు, మనసు కష్టపెట్టే మాటేదీ చెవిన పడనీయవద్దు అని సల్మానియా ఆసుపత్రిలో డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. బిడ్డ భూమ్మీద పడేదాకా నోరు కట్టేసుకోవాలని అతను ఆ మిద్దె మీదే అనుకున్నాడు.

కట్టేసుకున్న నోరు అబద్ధాలకు మాత్రం బాగానే తెరుచుకుంది. అత్తమ్మ ఫోన్ నీళ్లలో పడిందన్నాడు. ఊళ్లో సిగ్నల్ సరిగా లేదన్నాడు. రోజూ ఫోన్‌లో తల్లి మొహం చూడందే ముద్ద ముట్టని మనిషి, "సరే తియ్, బాగైనంక చేస్తది," అని ఊరుకుంది. మర్నాడే ఈ పువ్వుల పిచ్చి మొదలైంది. పోనీలే, ఈ పిచ్చిలో పడి అమ్మను మరిచింది, అని పరమేశ్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ వచ్చేసింది. తల్లి పోయిన ఏడాది కూతురు బతుకమ్మ ఎత్తకూడదు. జమునేమో పొద్దున్నే పేర్చడానికి కూర్చుంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఊరుకుంటే పోయిన అత్తమ్మకు అపచారం.

"గీ పండుగ ఖర్చు మనకెందుకే?" అని చూశాడు.

"పైస పెట్టిన్నా? అట్టలే గద."

"నడుము నొస్తది."

"కూసోనే చేస్తున్న."

"ఈడ తంగేడు లేదు, గునుగు లేదు. పువ్వుల్లేని బతుకమ్మ ఏం బతుకమ్మ?"

"అందుకే కాగితాలతోటి చేస్తున్న," అంది తల ఎత్తకుండా.

గుడ్ల అట్ట పువ్వుల్ని పసుపు నీళ్లలో ముంచితే తంగేడు అయింది. దూది పుల్లలకు బీట్‌రూట్ రసం పట్టిస్తే గునుగు అయింది. అతను తెచ్చిన ఏసీ పెట్టె అట్టనే గుండ్రంగా కోసి, దాని మీద వరుసలు పేర్చుతూ పోయింది. చేతులకు ఒక్క క్షణం తీరిక ఇవ్వలేదు.

మధ్యాహ్నం ముత్యం వచ్చాడు. పక్క వీధిలో ఉంటాడు, జమున ఊరివాడే.

"సాయంత్రం మనోళ్లందరు హాల్ల ఆడుతున్నరు. రమ్మన్నరు," అన్నాడు, జమున వైపు చూడకుండా.

పరమేశ్ అడ్డం చెప్పబోయాడు. అక్కడికి వెళితే ఎవరో ఒకరు అయ్యో బిడ్డా అని మెడ పట్టుకుని ఏడుస్తారు. అంతటితో అయిపోతుంది.

"నేను రానన్నా. గీ కడుపేసుకొని మందిల ఏడ ఆడుత?" అని జమునే చెప్పేసింది. ముత్యానికి చాయ్ ఇచ్చి పంపింది. పరమేశ్ కనబడని దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాడు.

పొద్దు వాలేసరికి కాగితపు బతుకమ్మ మోకాలెత్తు లేచింది. కొస మాత్రం బోసిగా ఉంది. పసుపు ముద్దతో గౌరమ్మను చేసి అక్కడ పెడితేనే అది బతుకమ్మ, లేకపోతే ఉత్త పూలగుట్ట. జమున దాన్ని అలాగే కుండీల పక్కకు జరిపి, గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది.

మరిచిపోయిందా? మరిచిపోతే మంచిదే. కానీ రేపు గుర్తొచ్చి, చూస్తూ ఎందుకు ఊరుకున్నావని నిలదీస్తే? అనుమానం ఒక్కటి మొలిస్తే ఇన్ని రోజుల నాటకం మట్టిలో కలుస్తుంది. పరమేశ్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. పసుపు తడిపి ముద్ద చేశాడు. ఎన్నడూ చేయని పని. అత్తమ్మా, నీ బిడ్డను కాపాడుకోవడానికే ఈ తప్పు, నన్ను మన్నించు, అని లోపల్లోపల మొక్కుకున్నాడు. మొహాన నవ్వు పులుముకుని వచ్చాడు.

"ఇగో, గౌరమ్మను మరిచినవు. పెట్టు."

జమున పసుపు ముద్దను చూసింది. అతని మొహాన్ని అంతకంటే ఎక్కువసేపు చూసింది. పసుపంటిన ఆ చేతిని మెల్లగా తీసుకుని తన కడుపు మీద ఆనించుకుంది. లోపల బిడ్డ కదిలింది.

"మరువలేదయ్యా, అమ్మ పోయిన ఏడు బిడ్డ గౌరమ్మను పెడ్తదా?"