వద్దనే నోరు

"పిల్లను తీసకపోతాండా వదినా. నీకొక మాట చెప్పి పోదామని," అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆమె కడపలో, ఆడపిల్లల హాస్టల్ గేటు లోపల నిలబడి ఉంది. గురవమ్మ మస్కట్ దగ్గర సీబ్‌లో, ఒక ఒమానీ ఇంటి వంటగదిలో ఉంది. ఒమాన్‌ను ముంచిన గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు అది. ఆ ఇంట్లో గురవమ్మకు వంట పని, ఇంటి పని, కొత్తగా పుట్టిన చంటిబిడ్డ పని. మధ్యాహ్నం అన్నం పెట్టుకోబోతుంటే మిస్డ్ కాల్ వచ్చింది. ఫోను కార్డు నంబరు కొట్టి తిరిగి చేసింది.

"ఎందుకు తీసకపోతాండావు?"

"ఎందుకేంది. పెళ్లయి ఏడాది దాటె. కనపడిన ఆడదల్లా ఏమన్నా విశేషమా అంటాంది. అంజలి గొడ్రాలని కూడా అనేసినారు. నేనేం చెప్పాల?"

"కాలేజీలో ఉండాదని చెప్పు. కాలేజీలో కడుపులు రావని చెప్పు."

"నీకు ఎగతాళిగా ఉండాది. పెళ్లి చేసింది కాపురానికి గానీ బడికి పంపను కాదు."

"పెళ్లి మాటలప్పుడే చెప్పినా, డిగ్రీ అయ్యేదాకా పిల్ల చదువుతాదని. అందరూ ఒప్పుకున్నారు. నువ్వూ ఆకువక్క నములుతా సరేనన్నావు."

"అప్పుడన్నా. ఇప్పుడు మొగుడొక చోట, పెండ్లామొక చోట. ఎన్నాళ్లిట్లా?"

"మొగుడు అన్నాడా ఆ మాట?"

"పాపం, ఆ పిల్లోడేమంటాడు. నీ ముందర నోరెత్తుతాడా."

గురవమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

"ఈ హాస్టలామెదీ నీ పాటే," అంది సుబ్బలక్ష్మమ్మ. "ఫీజు కట్టేది గురవమ్మ, ఆమె చెప్తేనే పంపుతానంటాది. చెప్పు వదినా. పంపమని ఒక్క మాట చెప్పు."

"చెప్పను."

"చెప్పకుంటే గేటు దూకించి తీసకపోతా."

కార్డులో డబ్బులు అయిపోయాయి. లైను తెగింది.

గురవమ్మ బియ్యం డబ్బా వెనక నుంచి ఇంకో కార్డు తీసి చెంచాతో గీకింది. నంబరు కొట్టింది. కలవలేదు. మళ్లీ కొట్టింది. ఈలోపు పిల్లను బస్సెక్కిస్తే అంతే. అంజలి నెమ్మదైన పిల్ల. రమ్మంటే వచ్చేస్తుంది. గురవమ్మ భయమంతా అదే.

పక్క గదిలో చంటిబిడ్డ కదిలిన చప్పుడైంది.

పోయిన వారం ఆ బిడ్డ నానమ్మ ఊరినుంచి వచ్చింది. అప్పటికింకా బొడ్డు రాలలేదు. ముసలామె కాటుకలాంటి సుర్మా భరిణె తీసి, వేలికి అద్దుకుని, బొడ్డుకు రాయబోయింది. ఆమె కాలంలో అందరూ అదే చేసేవారు. బిడ్డ తల్లి స్కూల్లో టీచరు. "లా" అంది. వద్దని. అరవలేదు. పక్కమీద నుంచి లేవను కూడా లేదు. ముసలామె వేలు గాలిలోనే ఆగిపోయింది. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత ఆ సుర్మా తన కంటికే పెట్టుకుంది.

గురవమ్మ గది వాకిట్లో నిలబడి చూసింది. ఆ రోజు ఆమె వండిన కూరలో ఉప్పు లేదు.

లైను కలిసింది.

"ఉండావా వదినా? పిల్ల యాడుండాది?"

"ఈడే ఉండాది. పెట్టె సర్దుకునింది."

"నా మొదటి కాన్పు సంగతి నీకు తెల్దు," అంది గురవమ్మ.

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"విను. బొడ్డు కోయను మంత్రసాని గడ్డి కొడవలి తెచ్చింది. నీళ్లలో కాగబెట్టండి అన్నా నేను. ఊరికొచ్చే నర్సమ్మ చెప్పిన మాట అది. మా అత్త ఏమనిందో తెలుసా? వేలిముద్రదానికి నోరెందుకు అనింది. కొడవలి కొంగుకు తుడిచి కోసినారు. వారం తిరక్కముందే బిడ్డకు దవడ పట్టుకపోయింది. పాలు తాగలే."

గురవమ్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"తెలీక పోగొట్టుకోలే వదినా. తెలుసు. చెప్పినా కూడా. నా మాటకు విలువ లేకపాయె."

"అది ఆ కాలం. ఇప్పుడు ఆసుపత్రులుండాయి."

"ఆసుపత్రికి పోవాలన్నా ఇంట్లోవాళ్లు పోనీయాల గదా. వద్దంటే, పోతానని చెప్పే నోరుండాల. ఆ నోరు నాకు రాలే. నీకూ రాలే."

సుబ్బలక్ష్మమ్మ ముక్కు చీదింది. "ఇంత చదివితే రేపు అత్త మాట వింటాదా?"

"వినకూడదనే చదివిస్తాండా."

"ఆ దేశం ఎండలకు నీకు మతి పోయింది."

"పోనీ. హాస్టలామెకు ఫోనియ్యి."

ఫోను చేతులు మారింది.

"చెప్పండమ్మా, పంపమంటారా?" అంది హాస్టలామె.

"పిల్ల ఏమంటాంది మేడం?"

"ఏమీ అనడం లేదు. తల వంచుకుని నిలబడింది."

"అందుకే పంపొద్దంటాండా. పెట్టె లోపల పెట్టుకోమనండి. చదువు అయ్యేదాకా ఎవరొచ్చినా పంపొద్దు. నేనే వచ్చి అడిగినా పంపొద్దు."

కన్నకూతుర్ని వెంటబెట్టుకుపోలేక సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే ఊరి బస్సెక్కే వేళకు, సీబ్‌లో చల్లారిన అన్నం ముందేసుకుని కూర్చుంది అంజలి అత్తగారు.